ఉద్యోగం పోయాక చేతికొచ్చేదెంత? బెంగళూరు కార్మికుల్లో ఆదాయ రక్షణ తేడాలు

నెలకు 20,900 రూపాయలు జీతం తీసుకునే మనిషికి ఉద్యోగం పోతే ఈఎస్‌ఐ (ఉద్యోగుల రాష్ట్ర బీమా) నుంచి కొన్నాళ్లు నిరుద్యోగ భృతి అడిగే హక్కు ఉంది. పక్కనే కూర్చుని 21,100 తీసుకునే మనిషికి ఆ దారి లేదు. ఇద్దరూ పీణ్యలోనో బొమ్మసంద్రలోనో ఒకే కంపెనీలో పనిచేసి, ఒకే రోజు గేటు బయటికి వచ్చినా సరే, లెక్క ఇంతే.

బెంగళూరులో తెలుగువాళ్లు లేని పని లేదు. మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు ఐటీ ఆఫీసుల్లో ఉన్నారు. మైసూరు రోడ్డు, హోసూరు రోడ్డు గార్మెంట్ ఫ్యాక్టరీల్లో అనంతపురం, చిత్తూరు వైపు ఆడవాళ్లు కుట్టుమిషన్ల మీద ఉన్నారు. అపార్ట్‌మెంట్ల కట్టుబడిలో పాలమూరు, కర్నూలు మేస్త్రీలు, హెల్పర్లు ఉన్నారు. పని పోయిన నెల నుంచి వీళ్ల ఇళ్లు ఎన్నాళ్లు నెట్టుకురాగలవన్నది ఎవరికి ఎంత అవసరం అన్నదాన్ని బట్టి తేలడం లేదు. జీతం స్లిప్పులో ఉన్న అంకె, ఈఎస్‌ఐ, పీఎఫ్ చందాలు తెగకుండా పడ్డాయా లేదా, వెళ్లిపోయేటప్పుడు కంపెనీ ఇచ్చిన ఉత్తరంలో ఏ కారణం రాశారు అన్న మూడు విషయాలను బట్టి తేలుతోంది. వీటిలో చివరిదాన్ని కార్మికులు దాదాపు పట్టించుకోరు. డబ్బు ఎక్కువగా పోయేది అక్కడే.

అడుగు పొర లేకుండా పై పొర

చాలా దేశాల్లో నిరుద్యోగ బీమా రెండు పొరలుగా ఉంటుంది. అడుగున ప్రభుత్వమో, ప్రభుత్వ మద్దతున్న నిధో ఇచ్చే భృతి. దానికి ఒక గరిష్ఠ పరిమితి. ఆ పరిమితికి మించి జీతం ఉన్నవాళ్ల కోసం పైన అదనపు బీమా. స్వీడన్‌లో ఈ రెండో పొరను ఎక్కువగా కార్మిక సంఘాలే నడుపుతాయి. సభ్యుడి పాత జీతంలో దాదాపు 80 శాతం దాకా చేరేలా, అడుగు భృతికి, జీతానికి మధ్య ఉన్న ఖాళీని అవి పూడుస్తాయి. అమెరికాలో 1955లో ఫోర్డ్ కంపెనీతో కార్ల కార్మికుల సంఘం కుదుర్చుకున్న ఒప్పందం కూడా ఈ కోవలోదే. రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే భృతికి తోడు కంపెనీ డబ్బుతో నడిచే నిధి నుంచి మరికొంత ఇవ్వాలన్నది దాని సారాంశం.

ఇక్కడ గమనించాల్సింది అడుగు పొర పరిమితిని చాలాకాలం పెంచకుండా వదిలేస్తే ఏమవుతుందన్నది. జీతాలు పెరుగుతాయి, పరిమితి పెరగదు, దాంతో అదనపు బీమా అవసరం పెరుగుతుంది. ఆ బీమా చవకగా దొరికేది ఉద్యోగం పోయే ప్రమాదం తక్కువ ఉన్న వృత్తులకు. సభ్యుల్లో నిరుద్యోగులు తక్కువైతే ప్రీమియం తక్కువ, అంతే లెక్క. హోటళ్లలో, నిర్మాణంలో పనిచేసేవాళ్ల సంఘం అదే రక్షణ ఇవ్వాలంటే ఎక్కువ వసూలు చేయాలి, లేదా తక్కువ ఇవ్వాలి. స్వీడన్ 2007లో అడుగు పొరకే ఈ సూత్రాన్ని వర్తింపజేసింది. ఏ వృత్తి నిధిలో నిరుద్యోగం ఎక్కువో ఆ నిధి సభ్యుల చందా పెంచింది. ఫలితంగా లక్షల మంది నిధుల నుంచి తప్పుకున్నారు. భృతి అవసరం ఎక్కువగా ఉన్న వృత్తుల మీదే ఆ భారం ఎక్కువ పడింది. 2014 జనవరి 1 నుంచి ఆ పద్ధతిని తీసేశారు.

మన దగ్గర పరిస్థితి ఇంకా తలకిందులు. అడుగు పొర చిన్నది, చాలామందికి అసలు లేనే లేదు. ఉన్న కాస్త పై పొర, అంటే కంపెనీ ఇచ్చే మూడు నెలల జీతం, ఉద్యోగ నష్టానికి ప్రైవేటు పాలసీ, పొదుపు, ఇవన్నీ ఎక్కువ జీతగాళ్ల దగ్గరే పేరుకున్నాయి. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1952లో చేసిన 102వ ఒప్పందం నిరుద్యోగ భృతికి ఒక కనీస కొలత పెట్టింది: పాత జీతంలో 45 శాతం, ఏడాదిలో 13 వారాలు. భారత్ ఆ ఒప్పందాన్ని ఆమోదించలేదు.

ఈఎస్‌ఐలో ఉన్న రెండు దారులు

ఈఎస్‌ఐ అంటే రాజాజీనగర్ ఆస్పత్రి, మందుల చీటీ అనే చాలామందికి తెలుసు. నెల జీతం 21,000 దాకా ఉన్నవాళ్లకు వర్తిస్తుంది. ఈ పరిమితి 2017 జనవరి 1 నుంచి మారలేదు. 2019 జూలై నుంచి ఉద్యోగి వాటా 0.75 శాతం, యజమాని వాటా 3.25 శాతం. 14,000 జీతం ఉన్న టైలరుకు నెలకు 105 రూపాయలు కోత పడుతుంది, కంపెనీ 455 కడుతుంది. ఆస్పత్రి ఖర్చుతోపాటు ఉద్యోగం పోతే వచ్చే భృతికి కూడా ఆధారం ఈ 560 రూపాయలే. అందులో రెండు పథకాలున్నాయి. రెండింటి మధ్య తేడా తెలియకపోతే లక్ష రూపాయలకు పైగా పోతుంది.

మొదటిది రాజీవ్ గాంధీ శ్రామిక్ కల్యాణ్ యోజన, 2005 ఏప్రిల్ 1 నుంచి ఉంది. ఫ్యాక్టరీ మూతపడినా, చట్టప్రకారం రిట్రెంచ్‌మెంట్ (శిక్షగా కాకుండా యజమానే పనిలోంచి తీసేయడం) జరిగినా, పనితో సంబంధం లేని ప్రమాదం వల్ల 40 శాతానికి తగ్గని శాశ్వత వైకల్యం వచ్చినా ఇది వర్తిస్తుంది. కనీసం రెండేళ్ల చందాలు ఉండాలి. మొదటి 12 నెలలు సగటు జీతంలో సగం, తర్వాత 12 నెలలు పావు వంతు ఇస్తారు. వైద్యం కూడా సాగుతుంది. 14,000 జీతానికి మొదటి ఏడాది నెలకు సుమారు 7,000, రెండో ఏడాది 3,500 చొప్పున, మళ్లీ ఉద్యోగం దొరక్కపోతే మొత్తం దాదాపు 1,26,000.

రెండోది అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన. 2018 జూలై 1న ప్రయోగంగా మొదలై, ఎప్పటికప్పుడు గడువు పొడిగింపుల మీద నడుస్తోంది. దరఖాస్తు చేసే ముందు తాజా పొడిగింపు ఏ తేదీ వరకు ఉందో చూసుకోవాలి. మొదట్లో సగటు జీతంలో పావు వంతే ఇచ్చేవాళ్లు. కొవిడ్ కాలంలో 2020 మార్చి 24 నుంచి దాన్ని సగానికి పెంచారు. పని పోయాక 90 రోజులు ఆగాల్సింది 30కి తగ్గించారు. యజమాని సంతకం లేకుండా కార్మికుడే నేరుగా అడిగే వీలు కల్పించారు. ఇచ్చేది గరిష్ఠంగా 90 రోజులకే, అదీ జీవితంలో ఒక్కసారి. 13 వారాలకు దగ్గరగా ఉన్నా, అంతర్జాతీయ కొలత ఏడాదిని లెక్కగా తీసుకుంటే ఇది జీవితకాలాన్ని తీసుకుంటుంది. 22 ఏళ్లకు ఒకసారి వాడుకున్న అమ్మాయికి 45 ఏళ్లప్పుడు ఫ్యాక్టరీలో పని పోతే ఈ దారి మూసేసి ఉంటుంది.

ఇందులో లెక్క కట్టే తీరు కాస్త దగ్గరగా చూడాలి. పథకం మార్గదర్శకాల ప్రకారం, చివరి నాలుగు చందా కాలాల్లో, అంటే రెండేళ్లలో వచ్చిన మొత్తం జీతాన్ని 730తో భాగించి రోజు సగటు తీస్తారు. నెలకు 14,000 చొప్పున 24 నెలలకు 3,36,000. దాన్ని 730తో భాగిస్తే రోజుకు 460. అందులో సగం 230. 90 రోజులకు సుమారు 20,700. ఇప్పుడు అదే మనిషి ఆ రెండేళ్లలో కాన్పుకో, తల్లికి బాగాలేకో ఊరెళ్లి ఆరు నెలలు జీతం లేకుండా ఉందనుకుందాం. పైన జీతం 2,52,000కి తగ్గుతుంది, కింద 730 మాత్రం అలాగే ఉంటుంది. చేతికొచ్చేది 15,500. అంటే ఇంటి భారం మోసినవాళ్లకు భృతి కూడా తగ్గుతుంది. కాగితం మీద ఆడ, మగ అన్న మాటే లేని నిబంధన, గార్మెంట్ ఫ్లోరులో ఆడవాళ్ల మీదే పడుతోంది.

అర్హతకు రెండేళ్ల బీమా ఉద్యోగం కావాలి. పని పోవడానికి ముందున్న చందా కాలంలో కనీసం 78 రోజులు, అంతకు ముందు మూడు కాలాల్లో ఏదో ఒకదానిలో ఇంకో 78 రోజులు చందా పడి ఉండాలి. చందా కాలం అంటే ఏప్రిల్ నుంచి సెప్టెంబరు ఒకటి, అక్టోబరు నుంచి మార్చి ఇంకొకటి.

పెద్ద ఇంక్రిమెంటు వచ్చిన వాళ్లు ఇక్కడే చిక్కుకుంటారు. జూన్‌లో జీతం 21,000 దాటితే సెప్టెంబరు 30 దాకా చందా కొనసాగి, అక్టోబరు నుంచి ఈఎస్‌ఐ ఆగిపోతుంది. తర్వాతి ఏడాది ఉద్యోగం పోతే, ముందున్న చందా కాలంలో 78 రోజులు చూపించడానికి ఏమీ ఉండదు. పదేళ్లు కట్టిన డబ్బు లెక్కలోకే రాదు. జీతం 500 పెరిగినందుకు, 21,000 జీతం మీద రావాల్సిన 31,000 రూపాయల భృతి పోతుంది. ఆస్పత్రి కూడా పోతుంది.

ఉత్తరంలో రాసే కారణం

ఒకే టైలరు, ఒకే జీతం, ఒకే సర్వీసు. ఉత్తరంలో 'రిట్రెంచ్‌మెంట్' లేదా 'మూసివేత' అని ఉంటే 1,26,000 దారి తెరుచుకుంటుంది. 'రాజీనామా' అని ఉంటే ఆ దారి మూతపడుతుంది. అటల్ పథకం షరతుల్లో దుష్ప్రవర్తన మీద తొలగింపు, పదవీ విరమణ, స్వచ్ఛంద విరమణ ఉన్నవాళ్లకు భృతి లేదు. రాజీనామా కాగితం చేతిలో ఉన్న మనిషికి అక్కడా వాదనే మిగులుతుంది.

చట్టం రిట్రెంచ్‌మెంట్‌కు ఇంకో మూడు డబ్బు లెక్కలు కట్టింది. ఒక నెల నోటీసు లేదా ఆ నెల జీతం. పూర్తయిన ప్రతి ఏడాది సర్వీసుకు 15 రోజుల సగటు జీతం. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలోని ఈ కొలతే, 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ ఉంది. దానికి తోడు ఈ కోడ్ రీస్కిల్లింగ్ (కొత్త పని నేర్చుకోవడానికి సాయం) నిధిని పెట్టింది: యజమాని మరో 15 రోజుల జీతం జమ చేయాలి, 45 రోజుల్లోపు అది కార్మికుడి ఖాతాలో పడాలి. ఆరేళ్ల సర్వీసు, 14,000 జీతం అయితే పరిహారం 42,000కి తగ్గదు, నోటీసు జీతం 14,000, రీస్కిల్లింగ్ 7,000. గ్రాట్యుటీ వేరే. రాజీనామా అని రాసిస్తే గ్రాట్యుటీ ఒక్కటే మిగులుతుంది, అదీ ఐదేళ్లు నిండితేనే.

అందుకే కంపెనీ తరఫువాళ్లు, 'మీ పేరు మీద మచ్చ ఉండదు, రేపు ఇంకోచోట ఉద్యోగానికి ఇబ్బంది రాదు' అని నచ్చజెప్పి రాజీనామా రాయించుకుంటారు. ఫ్యాక్టరీలో తెల్లకాగితం మీద సంతకం, ఆఫీసులో పోర్టల్‌లో ఒక బటన్. రెండింటి ఫలితం ఒకటే. సంతకం చేయక తప్పని పరిస్థితి వస్తే, ఎవరు అడిగారు, ఏ రోజు, ఏం చెప్పారు అన్నది అదే రోజు సొంత మెయిల్ నుంచి కంపెనీకి రాసి పెట్టడం మంచిది. తర్వాత బన్నేరుఘట్ట రోడ్డులోని కార్మిక భవనానికి వెళ్లినప్పుడు ఆధారం అదొక్కటే కావచ్చు.

ఐటీవాళ్లలో ఒక అపోహ బాగా పాతుకుపోయింది: 'మాకు కార్మిక చట్టాలు వర్తించవు' అని. కర్ణాటక ప్రభుత్వం ఐటీ పరిశ్రమకు ఏళ్ల తరబడి ఇస్తూ వచ్చిన మినహాయింపు స్టాండింగ్ ఆర్డర్ల చట్టం (ఉద్యోగ నిబంధనలు రాతలో పెట్టాలనే చట్టం) నుంచి, అదీ కొన్ని షరతులతో. రిట్రెంచ్‌మెంట్ పరిహారం ఆ చట్టంలోది కాదు. పారిశ్రామిక సంబంధాల కోడ్ నిర్వచనంలో సాంకేతిక పని చేసేవాళ్లూ వర్కర్లే. జీతం పరిమితి 18,000 అన్నది సూపర్‌వైజర్ పనికే ఉంది. కింద మనుషులు లేకుండా, సెలవులు మంజూరు చేసే అధికారం లేకుండా, సాఫ్ట్‌వేర్ ప్రోగ్రాములు రాయడమే పనిగా ఉన్న ఇంజనీరు 90,000 జీతం తీసుకున్నా వర్కర్‌నని వాదించొచ్చు. విజిటింగ్ కార్డు మీద 'మేనేజర్' అని ఉన్నంత మాత్రాన సరిపోదు, రోజూ చేసే పని ఏమిటన్నదే కోర్టు చూస్తుంది. ఈ వాదన వదిలేసుకున్నవాళ్లకు మిగిలేది కంపెనీ దయతలచి ఇచ్చే ప్యాకేజీ. అది అందరికీ ఒకేలా ఉండదు. పేరున్న కంపెనీ పర్మనెంటు ఉద్యోగికి మూడు నెలల జీతం రావొచ్చు. అదే బల్ల దగ్గర కూర్చునే కాంట్రాక్టు ఉద్యోగికి, బ్యాడ్జి రంగు వేరు కనుక, ఆ సాయంత్రమే లెక్క ముగుస్తుంది.

నడిమి జీతాల ఖాళీ

అందరికంటే తక్కువ చర్చ జరిగేది 22,000 నుంచి 50,000 మధ్య జీతగాళ్ల గురించి. ప్రైవేటు ఆస్పత్రి నర్సులు, బీపీఓ ఏజెంట్లు, షోరూం సేల్స్‌వాళ్లు, గోదాం సూపర్‌వైజర్లు. ఈఎస్‌ఐ దాటిపోయారు, కంపెనీ ప్యాకేజీ స్థాయికి చేరలేదు. బెంగళూరు అద్దె కట్టి, పది నెలల అడ్వాన్సు ఇంటి యజమాని దగ్గర ఇరుక్కుని ఉంటుంది. ఊరికి డబ్బు పంపాలి. వీళ్లకు నిరుద్యోగ బీమా అంటే పీఎఫ్ ఒక్కటే.

పీఎఫ్ నిజానికి ముసలితనానికి దాచుకునే డబ్బు. దాన్ని పని పోయినప్పుడు తినేయడం బీమా అనిపించుకోదు, విత్తనాల వడ్లు వండుకోవడం లాంటిది. అయినా మరో దారి లేనప్పుడు ఆ డబ్బు మీద ఎంత పట్టుదల ఉంటుందో 2016లో బెంగళూరే చూపించింది. యజమాని వాటాను 58 ఏళ్లు వచ్చేదాకా తీసుకోకూడదని కేంద్రం ఆ ఫిబ్రవరిలో నిబంధన తెచ్చింది. ఏప్రిల్ 18, 19 తేదీల్లో గార్మెంట్ కార్మికులు, వాళ్లలో ఎక్కువ మంది ఆడవాళ్లు, హోసూరు రోడ్డు, తుమకూరు రోడ్డు దిగ్బంధించారు. 19వ తేదీనే కేంద్రం ఆ నిబంధన వెనక్కి తీసుకుంది. నాలుగేళ్లకోసారి ఉద్యోగం మారే మనిషికి, మధ్యలో మూడు నెలలు ఖాళీగా ఉండే మనిషికి, యజమాని వాటా పెన్షన్ కాదు, ఆ మూడు నెలల బియ్యం, స్కూలు ఫీజు. దీన్ని అర్థం చేసుకోకుండా పొదుపు అలవాటు గురించి చెప్పే పాఠాలు ఆ ఫ్లోరులో ఎవరికీ ఎక్కవు.

2018 డిసెంబరు నుంచి పని పోయిన నెలకు పీఎఫ్‌లో 75 శాతం, రెండు నెలలకు మిగతాది తీసుకునే వీలుండేది. 2025 అక్టోబరు 13న పీఎఫ్ నడిపే సంస్థ ఈపీఎఫ్‌ఓ కేంద్ర ధర్మకర్తల మండలి దీన్ని మార్చాలని నిర్ణయించింది. 75 శాతం వెంటనే తీసుకోవచ్చు, పావు వంతు ఖాతాలో ఉండాలి, పూర్తి మొత్తం కావాలంటే 12 నెలల నిరుద్యోగం, పెన్షన్ భాగం వెనక్కి తీసుకోవాలంటే 36 నెలలు. ముసలితనం కోణంలో చూస్తే ఈ మార్పులో న్యాయం ఉంది. కానీ వేరే నిరుద్యోగ బీమా ఏదీ ఇవ్వకుండా ఈ డబ్బుకు తాళం వేస్తే, ఆ పావు వంతు లోటును నెలకు మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి పూడుస్తారు.

ఇక ప్రైవేటు పాలసీలు. ఉద్యోగ నష్టానికి విడిగా పాలసీ దొరకడం అరుదు. ఎక్కువగా హోం లోన్ రక్షణకో, తీవ్ర వ్యాధుల పాలసీకో అనుబంధంగా వస్తుంది. సాధారణంగా మూడు ఈఎంఐల దాకా కడతారు. రాజీనామా, పనితీరు బాగాలేదని తొలగింపు, ప్రొబేషన్, కాంట్రాక్టు ఉద్యోగం, పాలసీ తీసుకున్న మొదటి నెలలు, వీటికి సాధారణంగా వర్తించదు. వైట్‌ఫీల్డ్‌లో ఉద్యోగాలు ఎలా పోతాయో తెలిసినవాళ్లకు ఈ మినహాయింపులు చదివితే ఇంకా ఏం మిగిలిందన్న సందేహం రావాలి. కంపెనీ 'పనితీరు' అని రాసినా, 'రాజీనామా' అని రాయించుకున్నా క్లెయిము పోయినట్టే. మళ్లీ ఆ ఉత్తరం దగ్గరికే వచ్చాం.

బీమా కంపెనీలది మొండితనమే అనుకోనక్కర్లేదు. ఉద్యోగ నష్టం విడివిడిగా రాదు. 2025 ఆగస్టు 27న అమెరికా భారత సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు, ఎగుమతి దుస్తులు కుట్టే యూనిట్లన్నిటి మీదా ఒకేసారి ఒత్తిడి పడింది. అందరి ఇళ్లూ ఒకే రోజు కాలితే ఏ బీమా కంపెనీ నిలబడదు. పైగా తన ఉద్యోగం పోతుందని వాసన తగిలినవాళ్లే పాలసీ కొంటారు. ఈ రెండు కారణాల వల్ల నిరుద్యోగ బీమాకు అడుగు పొర తప్పనిసరి చందాతో, ప్రభుత్వ హామీతో నడవాలి. ప్రైవేటు పాలసీ దానిపైన చేరితే చేరవచ్చు, దాని స్థానంలోకి రాలేదు.

అసలు లెక్కలోకే రానివాళ్లు

సెక్యూరిటీ గార్డులు, హౌస్‌కీపింగ్‌వాళ్లు ఈఎస్‌ఐ పరిధిలోనే ఉంటారు. తేడా వచ్చేది ఏజెన్సీ దగ్గర. టెండరు మారినప్పుడల్లా ఏజెన్సీ మారుతుంది, మనిషి మాత్రం అదే గేటు దగ్గర నిలబడతాడు. కొత్త ఏజెన్సీ పాత ఈఎస్‌ఐ నంబరు అడగకుండా కొత్తది సృష్టిస్తుంది. చందాలు రెండు ముక్కలై, రెండేళ్ల సర్వీసు ఏ నంబరు కిందా కనిపించదు. 26 రోజులు పనిచేస్తే 12 రోజులే చూపించడం ఇంకో పద్ధతి. ఆరు నెలల్లో 78 రోజుల గీత అక్కడ అటూ ఇటూ అవుతుంది. కోత మాత్రం పూర్తిగా పడుతుంది. నెల చందా మరుసటి నెల 15లోపు జమ కావాలి, కాబట్టి 20వ తేదీ దాటాక ఈఎస్‌ఐ పోర్టల్‌లోనో ఉమంగ్ యాప్‌లోనో చూసుకుంటే రోజులు, జీతం రెండూ కనిపిస్తాయి. ఏజెన్సీ కట్టకపోతే ఆ అపార్ట్‌మెంటో, కంపెనీయో, అంటే ప్రధాన యజమాని కట్టాలి. చట్టం అలాగే చెబుతోంది. ఫిర్యాదు బిన్నీపేటలోని ఈఎస్‌ఐ ప్రాంతీయ కార్యాలయంలో ఇవ్వొచ్చు.

తెలుగువాళ్లకు ప్రత్యేకంగా ఎదురయ్యే చిక్కు పేరు. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా, ఈఎస్‌ఐలో ముందు ఒక అక్షరం, పీఎఫ్‌లో అదే అక్షరం చివర, బ్యాంకులో అసలు లేకుండా. ఎంట్రీ చేసిన మనిషి కన్నడ ఉచ్చారణలో రాసిన స్పెల్లింగు మరొకటి. ఉద్యోగంలో ఉండగా హెచ్ఆర్ ఒక్క రోజులో సరిచేయగలిగే ఈ తేడా, బయటికి వచ్చాక నెలలు తింటుంది. ఊరెళ్లిపోయాక ఆధార్‌కు కట్టిన సిమ్ కూడా మారితే, ఓటీపీ రాక క్లెయిము అక్కడే ఆగుతుంది.

నిర్మాణ కార్మికుల కోసం కట్టడం ఖర్చులో 1 శాతం సెస్సు వసూలవుతుంది. ఏడాదిలో 90 రోజులు పనిచేసినట్టు రుజువుంటే నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డులో నమోదు చేస్తారు. పిల్లల చదువు, పెళ్లి, ప్రమాదం, పెన్షన్ వంటి సాయాలు ఉన్నాయి. పని దొరకని నెలకు జీతం లాంటిది మాత్రం లేదు. వాళ్లకు నిరుద్యోగ భృతి అంటే సొంతూరి ఉపాధి హామీయే. అది తీసుకోవాలంటే బెంగళూరు వదిలి వెళ్లాలి.

డెలివరీ, క్యాబ్ పనివాళ్ల కోసం కర్ణాటక 2025లో ప్రత్యేక చట్టం చేసింది. ప్రతి లావాదేవీలో కార్మికుడికి చెల్లించే మొత్తం మీద 1 నుంచి 5 శాతం సంక్షేమ రుసుము, పనిలోంచి తీసేయాలంటే 14 రోజుల ముందస్తు నోటీసు, రాతపూర్వకంగా కారణం. ఐడీ బ్లాక్ కావడమే వీళ్లకు ఉద్యోగం పోవడం. ఆ 14 రోజులు చిన్నవే అయినా, కారణం రాసివ్వాల్సి రావడం పెద్ద మార్పు. ఆ సంక్షేమ రుసుము నుంచి బ్లాక్ అయిన కాలానికి కొంత ఆదాయం ఇచ్చే పద్ధతి వస్తేనే అది బీమా అవుతుంది. కర్ణాటక యువనిధి నెలకు 3,000, 1,500 ఇచ్చేది చదువు పూర్తయి ఉద్యోగం దొరకని ఇక్కడి పట్టభద్రులకు, డిప్లొమావాళ్లకు. ఉన్న ఉద్యోగం పోయినవాళ్లకు గానీ, వేరే రాష్ట్రం నుంచి వచ్చినవాళ్లకు గానీ కాదు.

మార్చాల్సినవి, ఈలోగా చేసుకోవాల్సినవి

ఎక్కువ జీతాలవాళ్లకు మంచి అదనపు పాలసీలు తేవడం మీద ఇప్పుడు శక్తి ఖర్చు పెట్టడం సరికాదు. ముందు 21,000 గీత కదలాలి. 2017లో 21,000కు ఉన్న విలువ ఇప్పుడు లేదు, గీత నిలబడే ఉంది కాబట్టి ప్రతి ఇంక్రిమెంటూ కొంతమందిని బయటికి నెడుతోంది. గీత దాటినవాళ్లు తమ వాటా, యజమాని వాటా కలిపి కట్టి నిరుద్యోగ భృతి వరకైనా కొనసాగే అవకాశం ఇవ్వొచ్చు. జీవితంలో ఒక్కసారి అన్న షరతు పోయి, ఇన్నేళ్ల చందాకు ఇన్ని రోజులు అని రావాలి. 730 బదులు నిజంగా చందా పడిన రోజులతో భాగించాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, భృతి అర్హత కంపెనీ రాసిన కారణం మీద కాకుండా చందా ఆగిన తేదీ మీద ఆధారపడాలి. రాజీనామా అని ఉన్నచోట నిజంగా ఇష్టపూర్వకమేనని రుజువు చేసే బాధ్యత యజమానిది కావాలి.

ఈలోగా పని పోయిన మనిషి మొదటి రోజే చేయాల్సినవి కొన్ని ఉన్నాయి. తొలగింపు ఉత్తరం కాపీ, చివరి ఆరు నెలల జీతం స్లిప్పులు, ఈఎస్‌ఐ చందాల ప్రింటు ఆఫీసు లాగిన్ మూసుకుపోకముందే తీసుకోవాలి. తొలగించినా, రిట్రెంచ్ చేసినా, రాజీనామా చేసినా రెండు పనిదినాల్లో జీతం లెక్క తేల్చాలని వేతన కోడ్ చెబుతోంది. మూడో రోజుకు రాకపోతే మెయిల్‌లో అడగాలి. మూసివేత, రిట్రెంచ్‌మెంట్ అయితే ముందు రాజీవ్ గాంధీ పథకానికే దరఖాస్తు చేయాలి. తొందరపడి అటల్ పథకంలో ఒక్కసారి అవకాశాన్ని 20,700కి ఖర్చు చేసుకోకూడదు. రాజీవ్ గాంధీ పథకం వర్తించనివాళ్లు 30 రోజులు గడిచాక ఈఎస్‌ఐ పోర్టల్‌లో ఆధార్, బ్యాంకు వివరాలతో అటల్ క్లెయిము వేయాలి. పీఎఫ్‌లో కంపెనీ వెళ్లిపోయిన తేదీ నమోదు చేయకపోతే, చివరి చందా పడిన రెండు నెలల తర్వాత ఉద్యోగే తన లాగిన్‌లో నమోదు చేసుకోవచ్చు. ఐదేళ్లు నిండని ఖాతా నుంచి 50,000 దాటి తీస్తే, పాన్ ఉన్నా సాధారణంగా 10 శాతం పన్ను ముందే కోస్తారు. ఆ సంగతి చూసుకుని ఎంత తీయాలో తేల్చుకోవాలి. తొలగింపు అన్యాయమనిపిస్తే కార్మిక శాఖ రాజీ అధికారికి దరఖాస్తు ఇవ్వాలి. 45 రోజుల్లో తేలకపోతే నేరుగా ట్రిబ్యునల్‌కు వెళ్లొచ్చు. కొత్త కోడ్ కింద దీనికి తొలగించిన రోజు నుంచి రెండేళ్లే గడువు. పాత చట్టంలో మూడేళ్లుండేది.